పెదరేవు మీద పెదరేవు

ఏప్రిల్ 28. మంచు పలచన. వలలకి పట్టిన నీళ్ళు తాగడానికి మాత్రమే సరిపోయాయి.

వానాకాలం లోపు కడగాలని ఇవాళ వాన ట్యాంకు ఖాళీ చేశాం. కొండని తొలిచి కట్టింది కాబట్టి పట్టపగలు కూడా లోపల చీకటే. నేనూ, కాశులమ్మ వదినా నిచ్చెన దిగి అడుగునున్న బురద ఎత్తిపోశాం. వదిన మా అన్నయ్య అప్పన్న భార్య. అన్నయ్య ఉప్పెనలో పోయాక మేమిద్దరం ఒకే గదిలో ఉంటున్నాం. పొద్దున మంచు వలలు దులపడం, వాటినుంచి కారే నీళ్ళు కాలవలోకి మళ్ళించడం, ఈ చిట్టా రాయడం మా పని. చిట్టాలో నీళ్ళ సంగతి తప్ప ఇంకేదీ రాయకూడదని ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది కూడా రాస్తున్నాను.

కమిటీ పెద్ద సత్తియ్య బాబాయి మధ్యాహ్నం పైనుంచి కేకేశాడు.

"అపరంజీ! నువ్వు పట్నంలో సినిమాలు అతికే పని చేశావు కదా. మన ఊరు పెదరేవు మీద ఒక చిన్న సినిమా చెయ్యమ్మా. ఇక్కడ పుట్టిన పిల్లలు సముద్రం అంటే పెద్ద ట్యాంకు అనుకుంటున్నారు."

"దేంతో చెయ్యను బాబాయ్? పెదరేవు ఏడేళ్ళ నుంచీ నీళ్ళలోనే ఉంది."

"వీధి బొమ్మలున్నాయిగా అందరిళ్ళలో. అవి తీసుకో."

వీధి బొమ్మలంటే ఉప్పెనకి ముందు సర్వేవాళ్ళు తీయించినవి. సముద్రం ఊళ్ళోకి వచ్చేస్తోందని తేలాక, ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో రుజువు కావాలన్నారు. రోజుకొక కుటుంబం పొద్దున్నే ఐసు కొట్టు ఎదుట సర్వే రాయి దగ్గర నిలబడాలి. కెమెరా ఒకే చోట పాతి ఉంటుంది. రాయి దగ్గర నుంచి నడుచుకుంటూ ఆ వీధిలోని తమ ఇంట్లోకి వెళ్ళాలి. అంతే, రెండు నిమిషాల బొమ్మ. ఆ బొమ్మ చూపిస్తేనే మాకు ఈ నెమలికొండ మీద గదులు ఇచ్చారు.

ఒకే వీధి, ఒకే వేళ, ఒకే చోటు నుంచి. రోజులే వేరు. ఆ రోజులన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తే ఎలా ఉంటుందా అని సాయంత్రం నుంచీ అదే ఆలోచన.

ఏప్రిల్ 30. మంచు లేదు.

ఎడిటింగ్ మిషన్ ఒప్పుకోలేదు. మా అన్నయ్య బొమ్మ మీద పక్కింటివాళ్ళ బొమ్మ పరిచాను. "ముద్ర చెడుతుంది, చూపించలేను" అంది. బొమ్మ అసలుదేనని చెప్పే గుర్తే ముద్ర, దొంగ బొమ్మలతో దేశమంతా గగ్గోలెత్తిన రోజుల్లో పెట్టిన రూలు అది. తీసిన బొమ్మ తీసినట్టే ఉండాలి. రెండు బొమ్మలు కలిస్తే అది జరగని సంగతి కింద లెక్క. ఏ తెరా చూపించదు.

"జరగనిదేంటి? రెండూ జరిగినవే కదా," అంది వదిన.

"రెండూ ఒకేసారి జరగలేదుగా."

"నా తలకాయలో రోజూ అన్నీ ఒకేసారి జరుగుతున్నాయి," అని వల దులపడానికి వెళ్ళిపోయింది.

మే 3. మంచు పలచన.

ట్యాంకు గోడకి సున్నం కొడుతున్నాం. బాగా ఆరిందో లేదో చూద్దామని వదిన తన గోడదీపం వెలిగించింది. ఈ దీపాలు ఇంటికొకటి ఉంటాయి, లోపలున్న బొమ్మని గోడ మీద వేస్తాయి. చెయ్యి తగిలి బొమ్మ మొదలైంది. అన్నయ్య భుజాన వల వేసుకుని గోడ మీద నడుస్తున్నాడు. వదిన దీపం ఆర్పలేదు. నేనూ ఆర్పమనలేదు.

అప్పుడు తట్టింది. మొన్న మిషన్ కోసం అడిగి తెచ్చిన పక్కింటివాళ్ళ దీపం ఎలాగూ నా దగ్గరే ఉంది. దాన్నీ తెచ్చి వెలిగించి, అటూ ఇటూ జరిపి, గోడ మీద సర్వే రాయి మీద సర్వే రాయి పడేలా నిలబెట్టాను. ఐసు కొట్టు స్తంభం మీద స్తంభం పడింది. అన్నయ్య నడుస్తుంటే ఆయన లోంచి పక్కింటి ముసలాయన మేకని లాక్కుంటూ వెళ్ళాడు.

ఏ దీపం బొమ్మ ఆ దీపానిదే. ముద్ర చెక్కుచెదరలేదు. రెండూ కలిసింది సున్నం గోడ మీద. గోడకి ఏ రూలూ లేదు.

"ఇంకొకటి తెద్దామా?" అంది వదిన. సున్నం బకెట్టు అక్కడే వదిలేసి ఇద్దరం నిచ్చెన ఎక్కాం.

మే 9. మంచు బాగా పడింది. సగం రోజు వలల దగ్గరే.

ఇల్లిల్లూ తిరిగి దీపాలు తెచ్చాం. ఇరవై ఆరు కుటుంబాలవి వచ్చాయి. ట్యాంకు అడుగున రాళ్ళ మీద, డబ్బాల మీద, తిరగేసిన బకెట్ల మీద పేర్చాం. ఒక్కో దీపాన్నీ రాయి మీద రాయి పడేదాకా సరిచేసేసరికి నడుం పడిపోయింది.

అయిదారు దీపాల వరకూ బాగుంది. వీధి కిక్కిరిసినట్టు ఉంది. పది దాటేసరికి గోడ తెల్లబడడం మొదలుపెట్టింది. అన్నీ వెలిగించేసరికి ఉత్త తెలుపు. పెదరేవు లేదు, మనుషుల్లేరు. మళ్ళీ సున్నం గోడే.

అన్ని దీపాల వెలుగూ బాగా తగ్గించి చూశాను. అప్పుడు ఊరు పైకి తేలింది. ఐసు కొట్టు, స్తంభం, వీధి అంచున బోర్లించిన తెప్ప, దూరాన నీళ్ళ గీత. ఒక్క బొమ్మలో ఎన్నడూ ఇంత స్పష్టంగా చూడలేదు. ఉప్పుగాలికి ఆ కెమెరా అద్దం ఎప్పుడూ మసకగానే ఉండేది. మసక మీద మసక పడి తేటపడింది. కానీ మనుషులు మాత్రం పొగ. కదలనిది ప్రతి దీపంలోనూ అదే చోట ఉంది కాబట్టి బలపడుతోంది. నడిచేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో దీపంలోనే ఉన్నారు. మిగతా పాతిక దీపాలూ వాళ్ళని కడిగేస్తున్నాయి.

నేను తల పట్టుకు కూర్చున్నాను. వదిన గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అపరంజీ, ఇటు రా. ఈ మూల కూర్చున్నదెవరు?"

ఐసు కొట్టు అరుగు చివర ఒక అమ్మాయి. మోకాలి మీద మోచెయ్యి, చెంప కింద అరచెయ్యి, ముందు ఎండుచేపల బుట్ట. ముఖం కొంచెం చెదిరినట్టుంది గానీ, ముఖమే. ముక్కు కనబడుతోంది. నవ్వబోతున్న నోరు కనబడుతోంది.

ఒక్కో దీపాన్నీ విడిగా వేసి వెతికాం. ప్రతిదాంట్లోనూ ఉంది ఆ పిల్ల. ఒక దాంట్లో సగం నడిచేవాళ్ళ చాటున. ఒక దాంట్లో చీర అంచు. ఒక దాంట్లో ఉత్త మసక మచ్చ. ఎవరి బొమ్మలోనూ ఆమె మనిషిలా లేదు. అన్నీ కలిస్తే మనిషైంది. రోజూ అదే వేళకి అదే చోట కూర్చుంది కదా.

"బంగారి," అంది వదిన. "ఎర్రమ్మత్త కూతురు."

మే 10. మంచు పలచన.

ఎర్రమ్మత్తకి వీధి బొమ్మ లేదు. వాళ్ళ వంతు శుక్రవారం. ఉప్పెన బుధవారం వచ్చింది. ఊళ్ళోవాళ్ళందరూ సాక్ష్యం చెబితే ఆమెకి గది ఇచ్చారు. బంగారి దొరకలేదు. ఆమెకి కూతురి ముఖం ఉన్న బొమ్మ ఒక్కటీ లేదు.

వెళ్ళి చెప్పాను. ఆమె చింతపండు పిసుకుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఎవరి బొమ్మలో ఉంది?"

"అందరి బొమ్మల్లోనూ ఉంది అత్తా. ఒక్కొక్క దాంట్లో కొంచెం కొంచెం."

"ఈ ఏడేళ్ళూ ఎవర్నీ అడగలేదమ్మీ. ఎవరి మనిసిని ఆళ్ళు సూసుకుని ఏడుత్తుంటే, అందులో నా పిల్లుందేమో సూడండని ఎట్టా అడగను?" పిండిన చింతపండు పక్కన పెట్టింది. "నాకు కాళ్ళు ఆడట్లేదు. నాలుగ్రోజులు పోనీ, వత్తాను."

మే 14. మంచు లేదు. కాలవలో పాకుడు తీశాం.

దీపాలిచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు చూడ్డానికి. ముందు సత్తియ్య బాబాయి. ఆయన కొడుకు దుర్గారావు పదహారేళ్ళవాడు, బొమ్మలో అందరికంటే ముందు పరిగెడతాడు.

"ఏదీ మావాడు?"

"అదుగో బాబాయ్, స్తంభం దాటుతున్నాడు."

"అది మావాడా? గంజి మీద ఆవిరిలా ఉంది. వెలుగు పెంచు."

పెంచాను. దుర్గారావు నిండుగా వచ్చాడు. వెంటనే వెనకనుంచి ఇంకొకరు, "మా అత్తగారిది కూడా పెంచు" అన్నారు. తర్వాత ఇంకొకరు. కాదనడానికి నేనెవర్ని? పెంచుకుంటూ పోయాను. గోడ తెల్లబడిపోయింది. మళ్ళీ అన్నీ తగ్గించాను. వీధి వచ్చింది, బంగారి వచ్చింది, మిగతావాళ్ళు పొగైపోయారు.

సత్తియ్య బాబాయి గొంతు మెల్లిగానే ఉంది.

"ఎర్రమ్మక్క మీద నాకేం కోపం లేదు. ఆ పిల్ల కనబడడం మంచిదే. కానీ నా కొడుకు మీద పాతికమందిని నడిపించడానికి కాదమ్మా నేను దీపం ఇచ్చింది. వాడు ఒకసారి పోయాడు. మళ్ళీ ఈ గోడ మీద కూడా చెరిగిపోవాలా?"

"చెరిగిపోలేదు బాబాయ్. వెనకాల ఉన్నాడు."

"వెనకాల ఉంటే నాకు కనబడడుగా."

తన దీపం ఆర్పి, తుండుగుడ్డలో చుట్టుకుని నిచ్చెన ఎక్కాడు. ఆ వెనకే ఒకరొకరు. నేనెవర్నీ ఆపలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? వదిన మాత్రం తన దీపం దగ్గర అలాగే కూర్చుంది. అన్నయ్య కూడా పొగలానే ఉన్నాడు.

"నీకేం అనిపించట్లేదా వదినా?"

"ఎందుకనిపించదు? ఇంటికెళ్ళాక మన గోడ మీద వేసుకుంటాను."

మే 17. మంచు పలచన.

ఎర్రమ్మత్త వచ్చింది. మిగిలినవి అయిదు దీపాలు. వెలిగించాను. వీధి మసగ్గా ఉంది. అరుగు చివర ఒక మరక. ముఖమని చెబితే తప్ప తెలీదు. ముందే ఎందుకు చెప్పానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఆమె మరక దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసింది.

"ఇదేనా?"

"దీపాలు తగ్గిపోయాయి అత్తా. అన్నీ ఉన్నప్పుడు బాగా కనబడింది. నిజంగా."

"సత్తియ్య బాధ సత్తియ్యదిలే." గోడ మీదే ఉంది చూపు. "వాడి ఇంటికి తీస్కెళ్ళు నన్ను. ఈ మెట్లు ఒక్కదాన్నీ ఎక్కలేను."

దీపం ఇమ్మని బతిమాలుతుందేమో అనుకున్నాను. నాకు ఇబ్బందిగా ఉంది. వెళ్ళేసరికి ఆయన గుమ్మంలో వల అల్లుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"సత్తియ్యా, నీ కొడుకుని ఒకసారి సూపిత్తావా? ఒక్కణ్ణే. నిండుగా."

ఆయన లోపలికెళ్ళి తలుపులు మూసి దీపం పెట్టాడు. ముగ్గురం చాప మీద కూర్చున్నాం. దుర్గారావు పరిగెత్తాడు. చేతిలో క్రికెట్ బ్యాటు. ఐసు కొట్టు దగ్గర వంగి ఏదో అందుకుని, నోట్లో వేసుకుని, నవ్వుతూ వీధి చివరికి పోయాడు. అతను వంగినప్పుడు అరుగు చివర మసకలోంచి ఒక చెయ్యి లేచి కొట్టబోయినట్టు ఊగింది. అంతే, బొమ్మ అయిపోయింది.

"మళ్ళీ ఎయ్యి," అంది ఎర్రమ్మత్త.

వేశాడు. చెయ్యి లేచినప్పుడు ఆమె వేలు పెట్టి చూపించింది.

"ఆ సెయ్యి మాదాందే. గాజులు సూడు, రెండు పచ్చవి, ఒకటి ఎర్రది. నీ కొడుకు రోజూ దాని బుట్టలోంచి ఎండురొయ్యలు ఎత్తుకుపోయేవోడు. ఇంటికొచ్చి నాతో సెప్పి తిట్టేది. మల్లీ తెల్లారి ఆడికోసమే నాలుగు పైన ఏసి ఉంచేది."

సత్తియ్య బాబాయి మూడోసారి వేశాడు. ఆ తర్వాత ఆర్పేశాడు.

"ఏడేళ్ళు రోజూ చూశాను అక్కా ఇది. ఆ చెయ్యి ఎవరిదా అని ఒక్కనాడూ అనుకోలేదు. మావాడేం తింటున్నాడా అని కూడా అనుకోలేదు."

"నీ సూపంతా ఆడి మొకం మీదుంటది. ఎవరికైనా అంతే."

బయటికొచ్చేటప్పుడు ఆమె దీపం ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మే 20. మంచు లేదు. గాలి పడమటి నుంచి మళ్ళింది.

వానలు దగ్గరపడ్డాయి. కొండ మీద గండి తెరిస్తే ట్యాంకు నిండుతుంది, ఇక ఏడాదిదాకా ఖాళీ కాదు. కాబట్టి ఎల్లుండే సినిమా అని అందరికీ చెప్పాను. ఎలా వేయాలో మాత్రం మొన్న సత్తియ్య బాబాయి ఇంట్లో తెలిసింది. ముందు ఒక్కొక్కళ్ళనీ ఒంటరిగా చూడాలి. ఎవరేం ఎత్తుకెళ్ళారో, ఎవరి మీద చెయ్యెత్తారో తెలిశాక, అప్పుడు కలపాలి.

దీపాలు నేను నడపను. ఎవరి దీపం వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. వెలుగు తగ్గించే మీట కూడా వాళ్ళ చేతికిందే. ఇవ్వాలనిపిస్తే ఇస్తారు, లేకపోతే లేదు.

"ఎవరూ తగ్గించకపోతే?" అంది వదిన.

"తెల్లగోడ చూసి ఇళ్ళకి పోతారు."

మే 22. ఉక్కపోత. మబ్బు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక దిగారు. ఎంతమంది వస్తారోనని భయపడ్డాను, వెళ్ళిపోయిన దీపాలన్నీ తిరిగొచ్చాయి. పిల్లలు ముందు వరసలో. ఎర్రమ్మత్తని నలుగురు పట్టుకుని దింపారు. సత్తియ్య బాబాయి అందరికంటే ఆఖర్న వచ్చి, తన పాత చోట దీపం పెట్టి రాయి మీద రాయి సరిచేసుకున్నాడు.

ఒక్కొక్క దీపం వెలిగింది. మిగతావాళ్ళు తమ దీపాలకి అరచేతులు అడ్డం పెట్టుకున్నారు. పేరు చెప్పమని నేను అనలేదు, వాళ్ళే చెప్పారు. "మా నాయనమ్మ. ఆ నత్తు మా పెద్దదాని ముక్కుకుంది ఇప్పుడు." "ఇది నేనే, పక్కన మా ఆయన." వదిన వంతు వచ్చింది. "అప్పన్న. ఆ వలకి చిల్లులున్నాయి, బాగుచెయ్యమంటే వినలేదు" అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఏడుపొస్తుందనుకున్నాను గానీ నవ్వే వచ్చింది.

దుర్గారావు పరిగెత్తినప్పుడు సత్తియ్య బాబాయి, "చేతిలోవి రొయ్యలు. బంగారివి" అన్నాడు.

అందరివీ అయ్యాయి. చీకటి. "ఇప్పుడు అన్నీ కలిపి," అన్నాను. అరచేతులు తీశారు. ఒక్కసారిగా గోడ తెల్లబడిపోయింది, కళ్ళు చికిలించుకున్నాం. ఎవరూ తగ్గించలేదు. ఎవరికి మనసొప్పుతుంది? నేను కూడా వదిన దీపం వైపు చూడలేదు.

గోడ కొంచెం నీలంగా మారింది. అంటే ఎవరో తగ్గించారు. తిరిగి చూస్తే సత్తియ్య బాబాయి మీట పట్టుకుని తిప్పుతున్నాడు. దుర్గారావు పల్చబడుతున్నాడు. ఆయన ఆపి, మళ్ళీ తిప్పాడు. తర్వాత వదిన. తర్వాత మేక ముసలాయన కోడలు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలీలేదు. తెల్లదనం పొరలు పొరలుగా దిగిపోయింది. నీళ్ళ గీత వచ్చింది. తెప్ప వచ్చింది. స్తంభం. అరుగు. అరుగు చివర చెంప కింద అరచెయ్యితో బంగారి.

"అమ్మా," అంది ఎర్రమ్మత్త. కూతుర్నే అలా పిలిచింది.

లేచి, గోడ దగ్గరికి నడిచింది. అడ్డం వెళితే బొమ్మ చెరిగిపోతుందని ఎవరో ఆపబోయారు. చెరగలేదు. దీపాలు తలో వైపు నుంచీ వస్తున్నాయి కదా, ఒక దీపానికి ఆమె అడ్డం వస్తే మిగతా దీపాలు నింపుతున్నాయి. ఆమె నీడ కూడా ఒకటి కాదు, గోడంతా పల్చని నీడలు. ఆ నీడల మధ్య బంగారి అలాగే కూర్చుని ఉంది. ఎర్రమ్మత్త ఆమె పక్కన గోడకి చేరగిలబడి కూర్చుంది.

"తల దువ్వుకోకుండా కూకోవద్దని ఎన్నిసార్లు సెప్పాను నీకు," అంది.

రెండు నిమిషాలు అయిపోయాయి. ఎవరూ చెప్పకుండానే దీపాలన్నీ మళ్ళీ మొదటినుంచి నడిచాయి. ఎన్నిసార్లు వేశామో నేను చూసుకోలేదు.

మే 23. వాన. ఏడాదిలో మొదటిది.

తెల్లవారుజామున మొదలై జోరుగా పడింది. గండి తెరవాలి. గొడుగేసుకుని సత్తియ్య బాబాయి దగ్గరికి పరిగెత్తాను, తాళం ఆయన దగ్గర ఉంటుంది. ఆయన కదల్లేదు.

"మొదటి వాన నీళ్ళు కొండ మీద దుమ్మంతా తెస్తాయి. ఎలాగూ వదిలేసేవే. ఇవాళ్టికి వదిలెయ్. నిన్న జ్వరాలతో రానివాళ్ళున్నారు, వాళ్ళకి కూడా వేద్దాం."

వేశాం. ట్యాంకు పైకప్పు మీద వాన చప్పుడు. నిన్నటికంటే ఎక్కువమంది వచ్చారు. వెలిగించేముందు సత్తియ్య బాబాయి తన దీపం తీసుకుని ఎర్రమ్మత్త దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, నిన్న మీట తిప్పేటప్పుడు నా చెయ్యి నిలవలేదు. నువ్వు పట్టుకో."

"నాకు రాదురా."

"నేను చెబుతాగా. మావాడు స్తంభం దగ్గరికొచ్చేదాకా నిండుగా ఉంచు. తర్వాత నీ ఇష్టం."

ఆమె ఒళ్ళో పెట్టుకుని, ఆయన రాయి మీద రాయి సరిచేశాక, కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. స్తంభం దగ్గర తగ్గించలేదు. దుర్గారావు ఇంట్లోకి పూర్తిగా వెళ్ళిపోయేదాకా ఆగి, అప్పుడు తిప్పింది.

మే 25. వాన.

నిన్న గండి తెరిచాం. నీళ్ళు రాత్రికి సున్నం గోడ సగం దాకా వచ్చాయి, ఇవాళ పైదాకా. దీపాలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను. సత్తియ్య బాబాయి దీపం మాత్రం ఎర్రమ్మత్త దగ్గరే ఉంది. ఆయన అడగలేదు. ఆమె ఇవ్వలేదు. పొద్దున వలల దగ్గరికి పోతూ చూశాను, ఆయన వానలో తడుస్తూ ఆమె గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు.